గన్నవరం బస్సు పెదకాకానిలో ఆగాలా?

గుంటూరు నుంచి గన్నవరం విమానాశ్రయానికి ఎక్కడా ఆగకుండా పోయే ఏసీ బస్సు వెయ్యాలని, దానికోసం దారిలో హైవేని కాస్త బాగుచెయ్యాలని కొన్నేళ్ల కిందట ఒక ఆలోచన పుట్టింది. ఆ ప్లాను గీసే కన్సల్టెన్సీలో నేనొక చిన్న ఉద్యోగిని. పుట్టి పెరిగింది గుంటూరులోనే కాబట్టి ఇక్కడి జనానికి నేను సర్దిచెప్పగలనని మా బాసు నమ్మకం. ఆయన హైదరాబాదు మనిషి. "ప్రీమియం" అనే మాట లేకుండా వాక్యం పూర్తిచెయ్యడం ఆయనకు చేతకాదు. రోడ్డుపక్క మిరపకాయ బజ్జీ తిని కళ్లనీళ్లు తుడుచుకుంటూ కూడా ఆ మాటే అన్నాడు.

ప్రజాభిప్రాయం అడగాలి కదా అని, దారిలో వచ్చే పెదకాకానిలో ఒక కల్యాణమండపంలో మీటింగు పెట్టాం. ముందురోజు జరిగిన పెళ్లి పూలదండలు ఇంకా వేదికకు వేలాడుతున్నాయి. వేరే కుర్చీలు లేక, వధూవరుల బంగారురంగు సింహాసనాల్లో బాసూ నేనూ కూర్చున్నాం. ముందువరసలో ఒక ముసలావిడ మమ్మల్ని ఎగాదిగా చూసి, జోడీ కుదరలేదన్నట్టు పెదవి విరిచింది.

బాసు తెరమీద మ్యాపు చూపించి "నాన్‌స్టాప్" అన్నాడు. శివాలయం కమిటీ పెద్దాయన లేచాడు. తెల్లపంచె, భుజాన కండువా, మైకు అక్కర్లేని గొంతు.

"అంటే మా ఊళ్లో ఆగదా?"

"ఆగదండి. ఎక్కడా ఆగదు," అన్నాను.

"ఇంకెక్కడా ఆగకపోతే మానె. మా ఊళ్లో ఆగితే చాలు."

ఇంతలో వెనకవరసలోంచి ఇంకో గొంతు లేచింది. గుంటూరుకు అవతలివైపున్న నల్లపాడు నుంచి వచ్చిన రిటైర్డు టీచరమ్మ, అక్కడి చర్చి పెద్దల్లో ఒకరు. "బస్సు మా నల్లపాడులో బయల్దేరాలమ్మా. చర్చి ముందు బండి తిప్పుకోడానికి బోలెడు చోటుంది."

"మేడమ్, ఎయిర్‌పోర్టు ఇటుంది. మీ ఊరు అటుంది," అన్నాను.

"ఎటుంటే ఏంటమ్మా? మా స్టేషన్లో రైలు దిగినోళ్లు విమానం ఎక్కకూడదా?"

పెద్దాయన వెనక్కి తిరిగాడు. "టీచరుగారూ, మీరు ఊరంతా తిరిగొచ్చేసరికి ఆ విమానం ఢిల్లీలో దిగుద్ది."

"మీ భక్తులు పొంగలి వండుకుని, తిని, చెయ్యి కడుక్కుని బస్సెక్కేసరికి ఆ ఢిల్లీ విమానం తిరిగొచ్చుద్ది," అందావిడ.

హాలంతా గొల్లుమంది. మీటింగు అక్కడితో చేజారింది.

తర్వాతి వారం ఆ ఇద్దరూ ఒకే స్కూటర్ మీద మా ఆఫీసుకొచ్చారు. టీచరమ్మ నడుపుతోంది. పెద్దాయన వెనక కూర్చుని, కండువా ఎగిరిపోకుండా నోట కరుచుకున్నాడు. మీటింగయ్యాక టీకొట్టు దగ్గర మళ్లీ పోట్లాడుకుని, అక్కడే రాజీపడ్డారట.

"బస్సు నల్లపాడులో బయల్దేరాలి, పెదకాకానిలో ఆగాలి," అన్నాడాయన. "ఆవిడ మాటకి నేనొప్పుకున్నా, నా మాటకి ఆవిడొప్పుకుంది. ఇంక మధ్యలో మీరెవరండీ?"

బాసు వాళ్లకు టీ ఇప్పించి, పరిశీలిస్తామని చెప్పి పంపేశాడు. ఏమీ పరిశీలించలేదు.

ట్రయల్ రన్ వేసవిలో పెట్టారు. కొత్త బస్సు, ముందుసీట్లో బాసు, వెనక కొందరు అధికార్లు, నేను. మిర్చియార్డుకు పోయే లారీలను తప్పించుకుని హైవే ఎక్కాం. పెదకాకాని దగ్గర రోడ్డుపక్కన జనం కనపడ్డారు. మధ్యలో పెద్దాయన రెండు చేతులూ ఎత్తి నిలబడ్డాడు. పక్కనే టీచరమ్మ. డ్రైవరు బ్రేకు తొక్కాడు.

"ఎందుకాపావయ్యా?" అన్నాడు బాసు.

"చెయ్యెత్తారు గదండి."

"ఎత్తితే?"

"రేపట్నుంచి ఈ దారినే గదండీ నేను పోవాల్సింది!"

తలుపు తెరుచుకుంది. పొంగలి గిన్నెలతో, పిల్లలతో జనం ఎక్కేశారు. చీరల మూటతో ఎక్కిన ఒకావిడ మంగళగిరిలో దింపమంది. నాన్‌స్టాప్ బస్సుకు అది రెండో స్టాపు. నెలల తరబడి నిమిషాలు లెక్కకట్టి ఆ బస్సు టైములు వేసింది నేనే, ముందు సీటుకింద దూరాలనిపించింది. కాసేపటికి ఎవరో నా చేతిలో వేడివేడి పొంగలి దొన్నె పెట్టారు. బాసుకూ పెట్టారు. ఆయన కోపంగానే తిన్నాడు, మళ్లీ పెట్టించుకున్నాడు. బస్సంతా కబుర్లు. నాకూ నవ్వొచ్చింది.

అలా ఎక్కిన జనమంతా దారిలోనే దిగిపోయారు. వాళ్లలో గన్నవరం దాకా వచ్చింది పెద్దాయనా, టీచరమ్మా ఇద్దరే. ఎయిర్‌పోర్టు ఎట్లా ఉంటుందో చూద్దామని గేటు దాకా నడిచారు. టిక్కెట్టు లేనిదే లోపలికి వదలనన్నాడు గార్డు.

"మా గుడే నయం. ఎవరొచ్చినా రానిస్తాం," అన్నాడు పెద్దాయన.

"మా చర్చిలో అయితే చెయ్యిపట్టుకుని లోపలికి లాక్కుపోతాం," అంది టీచరమ్మ.

చివరికి వాళ్ల మాటే నెగ్గింది. బాసు నల్లపాడు, పెదకాకాని స్టాపులు రెండూ తన ఆలోచనేనని రిపోర్టులో రాసుకుని ఇంకో ఊరికి ప్లాను గియ్యడానికి వెళ్లిపోయాడు. పెదకాకాని దగ్గర సర్వీసు రోడ్డు వెడల్పు చేసి, బస్సు నిలబడేందుకు చోటిచ్చారు. మొన్న నేను విమానం ఎక్కాల్సివచ్చి అదే బస్సెక్కితే సీటు దొరకలేదు. కాళ్లదగ్గర ఎవరిదో ఎండుమిరపకాయల మూట. అద్దాలు తెరుచుకోని ఏసీ బస్సులో గన్నవరం దాకా తుమ్ముతూనే నిలబడ్డాను. గేటు దగ్గర గార్డు నా టిక్కెట్టు చూసి, "జలుబా మేడమ్?" అన్నాడు.

"కాదు బాబూ, గుంటూరు," అన్నాను.