జ్ఞానమ్మ గారి పొడుగు ప్రార్థన

మా అమ్మమ్మ జ్ఞానమ్మ వండే చేపల పులుసు అంటే పలివెల దగ్గర మా పేటలో అందరికీ ఇష్టం. తినే ముందు ఆమె చేసే ప్రార్థన అంటే అందరికీ భయం. పేటలో వాళ్లందరినీ పేరుపేరునా తలచుకుని, మా చూడిగేదెను కూడా దేవుడికి అప్పగిస్తే గాని ఆమెన్ అనదు. ఈలోగా అన్నం చల్లారిపోతుంది. నేను తొమ్మిదో తరగతితోనే బడి మానేశాను గాని, ఒక కన్ను తెరిచి ప్రార్థన చేయడం మాత్రం బాగా నేర్చుకున్నాను.

పేటను ఆనుకుని బుల్లబ్బాయి గారి పీచు మిల్లు ఉంది. కొబ్బరి డొక్కల నుంచి పీచు తీసేటప్పుడు లేచే నుసి గాలికి వచ్చి మా ఇళ్ల మీదే పడేది. ఆయన మేడ వైపు గాలి పోదు. పక్కింటి లిడియాకు ఆరేళ్లు. దగ్గుతో వారంలో మూడు రోజులు బడికి పోలేకపోయేది.

అమ్మమ్మ అర్జీలు పెడితే రెండుసార్లు ఆఫీసర్లు వచ్చారు. వాళ్ల కారు రోడ్డు మలుపులో కనబడగానే మిల్లు ఆగిపోయేది. నుసి లేదని రాసుకుని వెళ్లిపోయేవారు. మూడోసారీ అదే రాస్తే అర్జీ మూసేస్తామన్నారు.

ఆ మూడోసారి తెల్లచొక్కాతో రాజబాబు గారనే కుర్ర ఆఫీసరు వచ్చాడు. మిల్లు ఎప్పటిలాగే మూగనోము పట్టింది.

"నుసేదండీ మామ్మగారూ?"

"ఎక్కడికి పోద్దండీ, ఉంటాది. ముందు భోంచేద్దురు గాని రండి. బొమ్మిడాయల పులుసు పెట్టేను."

"డ్యూటీలో ఉన్నానండి."

"డ్యూటీలో ఉంటే ఆకలెయ్యదాండీ? గుమ్మంలోకొచ్చి తినకుండా ఎళ్తే మాకెంత నామోషీ! కారు ఎండలో ఎందుకు, చర్చి వెనకాల నీడలో పెట్టించండి."

"ఆయ్" అన్నాడు పాపం.

వసారాలో అరిటాకు వేసి అన్నం వడ్డించింది. ఆయన చెయ్యి పెట్టబోతుంటే, "ప్రార్థన చేసుకుందామండీ" అని కళ్లు మూసుకుంది. ఆయనా మూసుకున్నాడు.

ప్రార్థన మా ఇంట్లో బయలుదేరి, పేటంతా తిరిగి, రావులపాలెం అరటి లారీల డ్రైవర్ల దాకా వెళ్లింది. ఒక కంటితో నేను చూస్తూనే ఉన్నాను. మిల్లు మేస్త్రీ వీరబాబు గోడ మీంచి రోడ్డు వైపు తొంగి చూశాడు. కారు లేదు. క్షణంలో యంత్రం దడదడమంది.

అమ్మమ్మ గొంతు పెంచింది. "ప్రభువా, ఈ బిడ్డ తినే అన్నాన్నీ చూడు, దాని మీద పడేదాన్నీ చూడు. ఆమెన్!"

ఆయన కళ్లు తెరిచి అన్నం చూసుకున్నాడు, చొక్కా చూసుకున్నాడు, రెండుసార్లు తుమ్మాడు.

"ఆకు మార్చమంటారాండీ?"

"ఉండండి మామ్మగారూ, ఫోటో తీసుకోనివ్వండి!"

రెండు నెలల్లో మిల్లు చుట్టూ గోడలు, పైన రేకులు, నుసి తడపడానికి నీళ్ల గొట్టాలు వచ్చాయి. లిడియా ఇప్పుడు రోజూ బడికి పోతోంది, వెళ్లనని ఏడుస్తూ.

"నాటకమాడేవు కదా అమ్మమ్మా?" అన్నాను.

"ప్రార్థనలో నాటకమేంటే ఎర్రిమొహమా! ఆ యాళ గుర్తొచ్చినోళ్లు ఎక్కువ, అంతే."

ఇప్పుడు ఆ వరసలో బుల్లబ్బాయి గారూ, వీరబాబూ కూడా చేరారు. అన్నం మీద నుసి లేదు గాని, మునుపటికన్నా చల్లగా తింటున్నాం.