లిఫ్టులో పాఠాలు

ఆ ఆఫీసులో లిఫ్టు నడిపేవాడికి గుమాస్తా కావాలని ఒకటే యావ. పొట్టి స్టూలు మీద గొంతుక్కూర్చుని, ఎక్కినవాళ్ళకల్లా ఒక ఇంగ్లీషు వాక్యం అప్పజెప్పి, దిగేలోగా తప్పులు దిద్దించుకునేవాడు. బోర్డుల మీద హోదాలను కుదించి రాసిన అక్షరాలకు పూర్తి మాటలడిగి, వాటిని గొణుక్కుంటూ మీటలు నొక్కేవాడు. నేర్పేవాళ్ళకు లోకంలో కొదవేముంది, అందులోనూ నవ్వుతూ నేర్పేవాళ్ళకు! అందరికన్నా ఓపిగ్గా దిద్దింది మేనేజరుగారు. గుమాస్తా ఉద్యోగం ఖాళీ అయి ఇతను దరఖాస్తు పెట్టుకుంటే, ఇంటర్వ్యూ చేసిందీ ఆయనే. ఇతను తడుముకోకుండా అన్నిటికీ జవాబు చెప్పాడు. "భేష్! కానీ నువ్వెళ్ళిపోతే లిఫ్టులో మాకు కాలక్షేపం ఎలాగోయ్?" అన్నారాయన. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు పగలబడి నవ్వారు. ఉద్యోగం ఇంకొకరికి పోయింది.

మర్నాడు మేనేజరుగారు లిఫ్టెక్కి, "ఏమోయ్, ఇవాళ పాఠం లేదా?" అన్నారు. ఏళ్ళ తరబడి అడక్కుండానే ఆయన్ని నాలుగో అంతస్తులో దింపినవాడు, ముఖం తిప్పకుండా, "ఏ అంతస్తండీ?" అన్నాడు.