తొమ్మిదో మంచానికి అట్ట లేదు

ఆమెను చూస్తేనే నాకు ఒళ్ళు మండేది. మా వార్డులో భోజనాల బండి తోసే మనిషి. అందరం ఆరాలక్క అనేవాళ్ళం. పదకొండేళ్ళుగా అదే బండి, అదే నస. ప్రతి మంచం దగ్గరా కంచం పట్టుకుని నిలబడేది. "బాబూ, ఇవాళ నీకు ఆపరేషనేమైనా ఉందా? తినొద్దన్నారా?" అని అడిగేది. పరగడుపున ఉంచాల్సిన రోగి మంచానికి మేం అట్ట కడతాం. అది చూసుకుని పోవచ్చుగా. హెడ్ నర్సును నేనుండగా ఆ పెత్తనం ఆవిడకెందుకు?

పనికి అడ్డొస్తోందని ఆమె మీద రెండుసార్లు ఫిర్యాదు రాశాను. మూడోది పడితే ఇంటికే. ఆమె మొగుడు మంచాన పడి నాలుగేళ్ళయింది, ఇల్లు నడిచేది ఆమె రెక్కల మీదే. తెలిసే రాశాను.

ఒక సాయంత్రం ఆరో మంచం చక్రం ఊడింది. దాని మీదున్న బస్సు డ్రైవరును తొమ్మిదికి మార్పించాను. మర్నాడు పదింటికి అతనికి పేగు ఆపరేషన్. అట్ట మాత్రం ఆరుకే ఉండిపోయింది. అతనికి విడిగా ఎవరూ చెప్పలేదు, అట్ట ఉందిగా అనుకున్నాం.

పొద్దున ఏడున్నరకు ఆరాలక్క నా బల్ల దగ్గరకొచ్చింది. "సిస్టరమ్మా, ఆరులో ఆయన తొమ్మిదిలో ఉన్నాడు. అట్టేమో ఖాళీ మంచానికుంది. పెట్టమంటారా, వద్దా?"

నేను రాస్తున్న కాగితం మీంచి తలెత్తలేదు. "అట్ట ఉంటే పెట్టకు, లేకపోతే పెట్టు. ఇంతమాత్రం తెలీదా? నా ప్రాణం తోడెయ్యకు."

"సరే. మీరన్నారనే పెడుతున్నా," అంది.

డ్రైవరు రొట్టె, గుడ్డు, పాలు అన్నీ ఖాళీ చేశాడు.

పదింటికి థియేటర్ గుమ్మంలో పెద్ద డాక్టరు గారు నన్నడిగారు, "పరగడుపునే ఉన్నాడా?"

"ఉన్నాడు సార్," అన్నాను. అట్ట కట్టించింది నేనేగా.

స్ట్రెచర్ కదలబోతుంటే భోజనాల బండి అడ్డంగా వచ్చి ఆగింది. "సార్, ఆయన తిన్నాడు. నేనే పెట్టాను," అంది ఆరాలక్క.

"నోరు మూసుకుని పక్కకు జరుగు," అన్నాను.

"జరగను. నా పని పోతే పోనీ. ఈయన్ని లోపలికి తీసుకెళ్ళొద్దు."

డాక్టరు గారు డ్రైవరు వైపు తిరిగారు. "తిన్నాను సార్, పెట్టారుగా," అన్నాడతను. కడుపు నిండా ఉన్నవాడికి మత్తిస్తే కక్కింది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మనిషి బల్ల మీదే పోవచ్చు.

"ఎవరు పెట్టమన్నారు?" అని అడిగారు డాక్టరు గారు.

"ఈవిడే," అంది ఆరాలక్క, నా వైపు చెయ్యి చూపించి.

"నేనలా ఎందుకంటాను సార్? ఎప్పుడూ ఈమెది సొంత పెత్తనమే," అన్నాను. హెడ్ నర్సు మాట ముందు బండి తోసేదాని మాట నిలవదని నాకు తెలుసు. నిలవలేదు. మధ్యాహ్నానికల్లా మూడో ఫిర్యాదు రాసి సంతకం పెట్టాను.

మర్నాడు ఆపరేషన్ బాగా జరిగింది. నాలుగో రోజుకు డ్రైవరు లేచి కూర్చున్నాడు.

"ఆ రోజు నన్నాపిన అక్క ఏదమ్మా? ఒక్కసారి దండం పెట్టుకోవాలి," అన్నాడు.

"సెలవులో ఉంది," అన్నాను.

"ఎప్పుడొస్తుంది?"

సోమవారం అని చెప్పాను. అతన్ని ఆదివారమే ఇంటికి పంపుతున్నారని నాకు తెలుసు.