రెండు ఇంజన్ల సవతి

మా ఆయన మించో గురించి ఎవరడిగినా నేను మొదట చెప్పే మాట ఒకటే. ఆయనకు ఎత్తంటే భయం. చెర్రీ పళ్ళు కోయాలంటే చెట్టెక్కేది నేను, కింద బుట్ట పట్టుకుని నిలబడేది ఆయన. అలాంటి మనిషి బాంబర్ విమానాల మెకానిక్. జీవితంలో ఒక్కసారి కూడా గాల్లోకి లేవలేదు. రెక్క మీదికి ఎక్కడమే ఆయనకు ఆకాశయానం. పైలట్లు ఏడిపించబోతే, "గుర్రానికి లాడాలు కొట్టేవాడు పందెంలో పరిగెత్తాలేంటి?" అని ఎదురు ప్రశ్న వేసేవాడు.

మా ఊరు మారిత్సా నది దగ్గర, చిత్తడి నేలల అంచున ఉంటుంది. ఊరి వెనకే ఎయిర్‌ఫోర్స్ స్థావరం. నేను అక్కడి వంటశాలలో వంటమనిషిని. యుద్ధం అయిపోయాక రష్యావాళ్ళ రెండింజన్ల బాంబర్లు వచ్చాయి. వాటిని అందరూ పేష్కాలనేవాళ్ళు. విమానం మంచిదే గానీ మహా మొండిది. పైకి లేచేటప్పుడు స్టీరింగు కర్రను పైలట్ ఒక్కడూ లాగలేడు, వెనక కూర్చున్నవాడు కూడా చెయ్యి వేయాలి. దిగేటప్పుడు మేకపిల్లలా గెంతుతుంది. నిలబెట్టిన చోటల్లా నూనె కారుస్తుంది. అందులో ఏడో నంబరు పేష్కా మా ఆయన చేతి కింద ఉండేది. నిజం చెప్పాలంటే ఆయనే దాని చేతి కింద ఉండేవాడు.

మా పెళ్ళికి డోళ్ళూ సన్నాయిలూ వాకిట్లో సిద్ధంగా ఉన్నాయి, పెళ్ళికొడుకు లేడు. చాలాసేపటికి పరిగెత్తుకుంటూ వచ్చి, "ఎడమ ఇంజను దగ్గుతోంది, వదిలి రాలేకపోయాను" అన్నాడు. మోచేతుల దాకా నూనె. మా అమ్మ ఆ చేతులు చూసి నా చెవిలో, "పిల్లా, ఇంకా ఏం మించిపోలేదు, ఆలోచించుకో" అంది. పడుచుదాన్ని, ఏం ఆలోచిస్తాను? పెళ్ళయ్యాక ఆయనే మారతాడనుకున్నాను.

మొదటి చలికాలంలో మా అత్తగారు నేసిచ్చిన ఉన్ని దుప్పటి కనబడలేదు. వెతగ్గా వెతగ్గా ఎడమ ఇంజను మీద కప్పి ఉంది.

"మరి నా సంగతి?" అని అడిగాను.

"నువ్వు పొయ్యి దగ్గర కూర్చోగలవు. అది పాపం నోరులేనిది" అన్నాడు.

"నోరులేనిదా! అది అరిచిందంటే నది అవతలి కోళ్ళు గుడ్లు పెట్టడం మానేస్తున్నాయి!"

ఇలా సవతితో కాపురం చేస్తుండగా జెట్ విమానాల కాలం వచ్చింది. స్థావరానికి పెద్ద అయిన మేజర్ పాస్కలెవ్ అందరినీ నిలబెట్టి, పేష్కాలన్నీ పాత ఇనుము కింద కోయించేస్తున్నామని చెప్పాడు. హొరొజొవ్ అనే లావుపాటి మనిషి గ్యాస్ కటింగు సరంజామాతో దిగి, వరసన కోయడం మొదలుపెట్టాడు. ఏడో నంబరు వరసలో చివర, గడ్డిలో ఉంది కాబట్టి దాని వంతు చివరికి పడింది.

దాచుకోవడం ఎందుకు, నాకు సంతోషమే వేసింది. పీడ విరగడవుతోందనుకున్నాను. కానీ ఆ ఆదివారం నేను జున్ను దట్టంగా పెట్టి బానిత్సా రొట్టె కాలిస్తే, ఆయన ఒక్క ముక్క కొరికి పళ్ళెం పక్కకు జరిపేశాడు. బానిత్సా వద్దన్న మించోను నేనెప్పుడూ చూడలేదు. నాకు భయం వేసింది.

మర్నాడు పొద్దున్నే ఆయనే లేపాడు. "గేనా, కొంగ గూడు పెట్టిన చోటును ఎవడైనా ముట్టుకుంటాడా?"

ముట్టుకోడు. మా వైపు కొంగ గూడు పీకినవాడి కొంప తగలబడుతుందని నమ్మకం. దేవుడు లేడని మీటింగుల్లో బల్ల గుద్ది చెప్పేవాళ్ళు కూడా కొంగ దగ్గరికొచ్చేసరికి నీళ్ళు నములుతారు. మార్చి మొదటి తేదీన చిన్నాపెద్దా అందరం ఎరుపూ తెలుపూ కలిపి పేనిన దారం మణికట్టుకు కట్టుకుంటాం. తొలి కొంగ కనబడిన రోజునే విప్పుతాం. మేజర్ కూడా చొక్కా చేతి కింద కట్టుకుంటాడని మా వంటశాలంతటికీ తెలుసు.

మా ఊళ్ళో కొంగల్ని పిలవాలంటే పాత బండి చక్రాన్ని ఎత్తు మీద పెట్టి, దాని మీద పుల్లలు పేరుస్తారు. మించో మా కొట్టంలోని చక్రాన్ని పేష్కా దగ్గరికి దొర్లించుకుపోయాడు. పైలట్ కూర్చునే గాజుగది కప్పు మీద అది పెట్టాలి. నేను నిచ్చెన పట్టుకున్నాను.

"కిందికి చూడకు" అన్నాను.

"చూడ్డం లేదు. కళ్ళు మూసుకునే ఉన్నా."

"కళ్ళు మూసుకుని చక్రం ఎక్కడ పెడతావయ్యా?"

"నువ్వు చెప్పు! కుడికా, ఎడమకా?"

ఎలాగో పెట్టి, వైరుతో కట్టి, చొక్కా తడిసి దిగాడు. అక్కడితో ఆగాడా? నా చెక్క గరిటెలు రెండు పట్టుకెళ్ళి, పేష్కా పక్కన నిలబడి టకటకటకా వాయించడం మొదలుపెట్టాడు. కొంగలు ముక్కుతో అలాగే వాయిస్తాయి కదా. పనివేళ దాటాక కూడా ఆకాశం వైపు మెడ చాచి అదే వాయింపు. ఏళ్ళ తరబడి విన్నాను కొంగజపమని, చూడ్డం మాత్రం అదే మొదలు.

హొరొజొవ్ పక్క విమానం కోస్తూ, "ఏం మించో అన్నా, వదిన ఇంట్లోంచి గెంటేసిందా?" అని అరిచాడు.

"నీ పని నువ్వు చూసుకోరా కసాయోడా!" అన్నాడు మా ఆయన, వాయింపు ఆపకుండా.

కొంగలు వచ్చాయి. జంటగా వచ్చి, పేష్కా మీద ఒక చుట్టు తిరిగి, ఏమనుకున్నాయో ఏమో, రన్‌వే దగ్గరున్న కొత్త జెట్టు తోక మీద వాలాయి. ఆ జెట్టు అప్పుడే వచ్చింది. రంగు వాసన కూడా పోలేదు. సోమవారం దాన్ని చూడటానికి సోఫియా నుంచి జనరల్ గారు వస్తున్నారు.

స్థావరంలో ఉన్న మగవాళ్ళందరూ మొదట చేసిన పని చొక్కా చేతులు మడిచి దారాలు విప్పుకోవడం. మేజరూ విప్పుకున్నాడు. దారం జేబులో పెట్టుకున్నాకే ఆయనకు సంగతి తలకెక్కింది.

"నా జెట్టు! తోలండి వాటిని!"

ఎవరూ కదల్లేదు. మగ కొంగ అప్పటికే ఒక పుల్ల తెచ్చి తోక మీద సర్దుతోంది.

"ఇది ఆర్డరు!"

"మీరే మొదలెట్టండి కామ్రేడ్ మేజర్ గారూ, మేం వెనకాలే ఉంటాం" అన్నాడు హొరొజొవ్.

మేజర్ రెండడుగులు వేసి ఆగిపోయాడు. "మా ఇంటికి మొన్ననే కొత్త కప్పు వేయించాను" అన్నాడు నీరసంగా. తర్వాత మించో వైపు తిరిగాడు. "నీ గరిటెల మోతకు వచ్చినవే కదా ఇవి! సోమవారంలోగా నీ పేష్కా మీదికి ఎక్కించుకో. ఎక్కిస్తే దాన్నెవరూ ముట్టుకోరు, నాదీ పూచీ. ఎక్కించకపోయావో, ముందు కోసేది దాన్నే!"

మా ఆయనకు ప్రాణం లేచి వచ్చింది. రెట్టింపు జోరుతో వాయించాడు. తిండి అక్కడికే పంపమన్నాడు. కొంగలు జెట్టు తోక మీంచి ఈయన్ని తేరిపార చూసేవి, మళ్ళీ ఇంకో పుల్ల తెచ్చుకునేవి.

నేను వంటశాల కిటికీలోంచి చిక్కుడు గింజల చారు కలుపుతూ చూస్తున్నాను. చక్రం బాగుంది, పుల్లలు బాగున్నాయి, పక్కనే కప్పలున్న నీళ్ళు. మరి ఎందుకు రావు? అప్పుడు తట్టింది. చారు వదిలేసి వెళ్ళాను.

"మించో, ఇంటికి పద."

"పిచ్చా నీకు? రేపే ఆదివారం!"

"మన చర్చి కప్పు మీది కొంగ పరాయి కొంగ వస్తే ఏం చేస్తుంది?"

"ముక్కు వాయిస్తుంది."

"నువ్వేం చేస్తున్నావు?"

ఆయన గరిటెల వంక చూసుకున్నాడు.

"ఈ గూట్లో ముందే ఎవరో కాపురమున్నారనుకుంటున్నాయి. ఈ గూటికి కొంగవి నువ్వేనయ్యా!"

ఆయన ముఖం చూడలేకపోయాను. "నేను వదిలి వెళ్తే, అవీ రాకపోతే, ఆ హొరొజొవ్‌గాడొచ్చి దాన్ని కోసేస్తే? అప్పుడు దాని పక్కన ఎవరూ ఉండరు గేనా" అన్నాడు. ఇన్నేళ్ళూ ఒక ఇనుప డబ్బా మీద అసూయ పడ్డాను గానీ, మా ఆయన దాన్నెంతగా ప్రేమించాడో అప్పుడే నాకు అర్థమైంది. మోచెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చాను. దారి పొడుగునా వెనక్కి చూస్తూనే ఉన్నాడు.

ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. తలుపు కీలు బాగుచేశాడు, కోళ్ళ గూడు బాగుచేశాడు, బాగానే ఉన్న గడియారాన్ని పాడుచేశాడు. ఆదివారం సాయంత్రం ఇద్దరం కంచె దగ్గరికి వెళ్ళాం. పేష్కా నెత్తి మీద కొంగ నిలబడి ఉంది, ముక్కున పుల్లతో. రెండోది జెట్టు మీది పుల్లల్ని ఒక్కొక్కటే మోసుకొస్తోంది. మా ఆయన గడ్డిలో కూలబడి భోరుమన్నాడు. నేనూ ఏడ్చాను.

జనరల్ గారు వచ్చి జెట్టు చూశారు. చివర్న నిలబడ్డ పేష్కానూ చూశారు. మేజర్ ఏదో చెప్పబోతే ఆపి, తన మణికట్టు మీది దారం తడుముకుని, ఏమీ అడగకుండా కారెక్కారు. హొరొజొవ్ గొట్టాలు చుట్టుకుంటూ, ఆగస్టులో కొంగలు పోయాక వస్తానన్నాడు. ఏటేటా అదే గూటికి తిరిగొస్తాయి కదరా మొద్దూ అని నలుగురూ నవ్వారు.

ఒకటే చిక్కు. కొంగలున్నన్నాళ్ళూ మించో దాని దరిదాపులకు వెళ్ళకూడదు. జెట్ల పని కాగానే ఇంటికొచ్చేవాడు. వసంతమంతా, వేసవంతా సాయంత్రాలు వాకిట్లో నా పక్కన కూర్చుని మిరపకాయలు దండ గుచ్చుతూ కబుర్లు చెప్పాడు. మా ఆయన పాడతాడని, అదీ అపశ్రుతిలో పాడతాడని, నాకప్పుడే తెలిసింది.

ఆగస్టు వచ్చింది. కొంగలు ప్రయాణానికి గుంపులు కడుతున్నాయి. మించో పాత నూనె గుడ్డలు ఉతికి ఆరేసుకున్నాడు, మళ్ళీ పేష్కా దగ్గరికి వెళ్ళొచ్చని ఈల వేస్తున్నాడు. నాకు మాత్రం వంట మీద మనసు నిలవలేదు. ఓ మధ్యాహ్నం బుట్ట తీసుకుని చిత్తడిలోకి దిగి, కప్పల్ని పట్టి కొంగల వైపు విసరడం మొదలుపెట్టాను.

వెనక నుంచి మించో గొంతు వినబడింది. "గేనా! ఏంటే ఆ పని?"

దొరికిపోయాను. "భోజనం పెడుతున్నా. కడుపు నిండితే ఇంకో వారం ఉంటాయేమోనని" అన్నాను.

ఆయన పేష్కా వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, నా పక్కన నీళ్ళలోకి దిగి, వంగి తనూ ఓ కప్పను పట్టాడు.