బెర్డెట్ ఊరి యుద్ధం, లురీన్ ఇంటి తలుపు

బెర్డెట్ ఊళ్ళో రెండో ప్రపంచయుద్ధం ఏటా సెప్టెంబరు రెండో శనివారం పొద్దున తొమ్మిదింటికి మొదలై, ఆదివారం సాయంత్రం నాలుగింటికి ముగుస్తుంది. మధ్యలో భోజనానికి విరామం. వానొస్తే వాయిదా కూడా పడుతుంది.

ఆ యుద్ధానికి లాగులు వదులు చేసేది లురీన్ ఓబర్‌హోల్ట్. డెబ్బై రెండేళ్ళ మనిషి. పెళ్ళి చేసుకోలేదు. మెయిన్ స్ట్రీట్ చివర తను పుట్టిన ఇంట్లోనే ముందుగదిలో కుట్టుమిషను వేసుకుని, నలభై ఏళ్ళకి పైగా ఊరి బట్టలన్నీ సరిచేస్తోంది. పెళ్ళిగౌన్లు బిగించడం, పోయినవాళ్ళ కోట్లు బతికున్నవాళ్ళకి సరిపడేలా కత్తిరించడం, ఇదీ ఆవిడ పని. ఒహాయోలో ఆ మూల ఎవరి నడుము ఎంత పెరిగిందో డాక్టరుకన్నా ముందు ఆవిడకే తెలుస్తుంది.

ఈ యుద్ధపు వేషాల పండగ మొదలై పన్నెండేళ్ళయింది. పన్నెండేళ్ళుగా దాని జనరల్ డ్వేన్ ఫిల్చర్. మిగతా ఏడాదంతా టైర్ల షాపు నడుపుతాడు. వయసులో ఉండగా సైన్యం నుంచి పిలుపు వస్తే మోకాలు బాగోలేదని డాక్టరు దగ్గర చీటీ తెచ్చుకున్న సంగతి ఊరందరికీ తెలుసు. ఇప్పుడు ప్రతి సెప్టెంబరులోనూ ఆ మోకాలితోనే జీపు మీదకి ఎగిరి ఎక్కుతాడు.

ఈ యుద్ధంలో ఎవరూ చావడానికి ఒప్పుకోరు. గడ్డి తడిగా ఉంటే అసలే ఒప్పుకోరు. ఎండగా ఉంటే, గుండు తగిలినవాడు గుండెలు పట్టుకుని చెట్టునీడ దాకా పరిగెత్తి, అక్కడ చోటు చూసుకుని పడతాడు. ఇక జర్మన్ల వైపు చేరడానికైతే ఎగబడతారు. బూట్లు మెరుస్తాయి, టోపీ అందంగా ఉంటుంది. ఊళ్ళో పళ్ళడాక్టరు మూడేళ్ళు వరసలో నిలబడి మరీ జర్మన్ కల్నల్ అయ్యాడు. తనకి మెడపట్టీలు కుట్టిపెట్టమని వస్తే, లురీన్ ఆ పట్టీల్ని చిటికెనవేలితో తోసేసి, "నీ పెళ్ళానికి సూది పట్టుకోవడం రాదా?" అని పంపేసింది.

ఆ ఏడు ఆగస్టులో డ్వేన్ కొలతలకి వచ్చాడు.

"ఈసారి ఇంకో రెండంగుళాలు వదలండి లురీన్. మైదానంలో కూర్చోవాలి, లేవాలి."

"వదలడానికి గుడ్డ అయిపోయింది డ్వేన్. ఇంక మిగిలింది నువ్వే. నువ్వు తగ్గు."

"అసలు జనరళ్ళు మాత్రం సన్నగా ఉండేవాళ్ళా ఏం?"

"ఉండేవాళ్ళు కాదేమో. కానీ వాళ్ళు పూరీలంత పిండివంటలు నములుతూ పిల్లలకి సంతకాలు పెడుతూ తిరగలేదు."

డ్వేన్ నవ్వాడు. అతనితో వచ్చిన చిక్కే అది, ఏమన్నా నవ్వుతాడు. లురీన్ పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకుని మోకాళ్ళ మీద కూర్చుంది. ఈ వేషాల మీద ఇంత అసహ్యం ఉండీ ఎందుకు కుడుతున్నావని ఎవరైనా అడిగితే, ఇంకెవరైనా కుడితే కుట్లు ఊడి నడివీధిలో పరువు పోతుందని చెప్పేది. పోతే చూడాలనీ ఉండేది ఆవిడకి.

అదే వారంలో క్రిస్టా వాండర్‌మోలెన్ వచ్చింది. ఇళ్ళు అమ్మిపెట్టే మనిషి, పండగ కమిటీకి కార్యదర్శి. చేతిలో పాత పేపరు కాపీ ఉంది. కళ్ళు అప్పటికే చెమ్మగిల్లి ఉన్నాయి.

"లురీన్ గారూ, మీ అన్నయ్య గురించి నిన్ననే చదివాను. ఒళ్ళు జలదరించిందండీ."

"శ్మశానంలో రాయి ఉంది. అరవై ఏళ్ళుగా ఉంది. నడిచి వెళ్తే అక్కడా చదువుకోవచ్చు."

క్రిస్టా ఆ మాట విననట్టే చెప్పుకుపోయింది. ఈసారి పండగలో తుపాకులే కాదు, కన్నీళ్ళు కూడా ఉండాలని కమిటీ అనుకుందట. టెలిగ్రాం దృశ్యం పెడతారట. శనివారం రెండింటికి, అసలు టెలిగ్రాం వచ్చిన వరండాలోనే, అంటే లురీన్ ఇంటి ముందే.

"మనిషి వస్తాడు, తలుపు కొడతాడు, తల్లి తీస్తుంది, చదువుతుంది, కూలబడిపోతుంది. పదే పది నిమిషాలు. మూడింటికి ఎలాగూ యుద్ధం ఉంది."

"తల్లెవరు?"

"నేనే అనుకున్నాను. ఏడుపు నాకు బాగా వస్తుందండీ. హైస్కూల్లో బహుమతి కూడా ఇచ్చారు."

లురీన్ ఆమెను పైనుంచి కింద దాకా చూసింది. రంగేసిన గోళ్ళు, మెడలో తాళాల గుత్తి.

"మా అమ్మ వేషం నేను వేస్తాను," అంది.

"అబ్బ! మీరే వేస్తే ఇంకేం కావాలి!"

"జరిగింది జరిగినట్టు చేస్తాను. మధ్యలో ఎవరూ వేలు పెట్టకూడదు."

"అదేగా మాకు కావలసింది! నిజమైన చరిత్ర!"

జరిగింది ఇదీ. 1944 సెప్టెంబరులో లురీన్‌కి ఎనిమిదేళ్ళు. తండ్రి పిండిమిల్లుకి వెళ్ళాడు. అన్న ఆల్డెన్ ఫ్రాన్సులో ఉన్నాడు, పందొమ్మిదేళ్ళవాడు. తల్లి హల్డా వంటింట్లో చలికాలానికి టమాటాలు సీసాల్లో నిలవ పెడుతోంది. పొయ్యి మీద పెద్ద గిన్నెలో నీళ్ళు మరుగుతున్నాయి. లురీన్ బల్ల దగ్గర కూర్చుని తొక్కలు తీస్తోంది. బయట తుంపర పడుతోంది.

హల్డా కిటికీలోంచి చూసింది. రైల్వేస్టేషనులో పనిచేసే పికెల్ గారు వీధిలో నడిచి వస్తున్నాడు. వానలో కూడా టోపీ పెట్టుకోకుండా చేత్తో పట్టుకుని వస్తున్నాడు. ఊళ్ళో టెలిగ్రాములు చేరవేసేది ఆయనే. హల్డా చెయ్యి తుడుచుకోలేదు. వెళ్ళి ముందు తలుపు గడియ పెట్టింది. వెనక తలుపూ వేసింది. తిరిగొచ్చి, "ఇంట్లో ఎవరూ లేరు. విన్నావా? తొక్క తియ్యి," అంది.

పికెల్ తలుపు కొట్టాడు. పేరుపెట్టి పిలిచాడు. కిటికీలోంచి ఆవిరి వీధిలోకి వస్తూనే ఉంది, ఇంట్లో మనుషులున్నారని ఆయనకి తెలియకపోదు. కాసేపటికి వరండా మెట్టు మీద కూర్చున్నాడు. హల్డా ఏడు సీసాలు నింపింది. ఇంకో ఏడు నింపింది. గంటన్నర గడిచింది. మెట్టు మీద ఆయన దగ్గుతున్నాడు. లురీన్‌కి జాలేసింది. ముసలాయనకి జలుబు చేస్తుందనుకుంది. తల్లి పొయ్యివైపు తిరిగినప్పుడు మెల్లగా వెళ్ళి గడియ తీసింది.

ఆయన లోపలికొచ్చి కవరు చాచాడు. హల్డా చేతులు మణికట్ల దాకా టమాటా రసం. ఆవిడ చెయ్యి చాచలేదు. ఎంతసేపటికీ చాచకపోతే, ఆయన ఆ కవరు తెచ్చి లురీన్ చేతిలో పెట్టాడు.

ఆ తర్వాత హల్డా ముప్పై ఒక్కేళ్ళు బతికింది. గడియ ఎందుకు తీశావని ఒక్కసారి కూడా అడగలేదు. తిట్టినా బాగుండేదని లురీన్‌కి చాలాసార్లు అనిపించింది. తిట్టలేదు. ఎవరైనా తలుపు కొడితే మాత్రం, "నువ్వుండు," అని తనే లేచేది. పక్షవాతం వచ్చి కాలు ఈడుస్తున్న రోజుల్లోనూ తనే లేచేది. ఊరి పేపరేమో ఆ తల్లి వార్తను నిబ్బరంగా అందుకుందని రాసింది.

శనివారం రెండింటికి లురీన్ ఇంటి ముందు మడతకుర్చీలు వేశారు. నూట యాభై మంది దాకా చేరారు. చేతుల్లో నిమ్మరసం గ్లాసులు, చక్కెర చల్లిన వేపుడు పిండివంటలు. క్రిస్టా మైకు పట్టుకుంది. టెలిగ్రాం మనిషిగా ఓరిన్ టిప్టన్‌ని పెట్టారు. స్కూలు బస్సు నడిపి రిటైరైనవాడు. వియత్నాంలో ఏడాది నిజంగా యుద్ధం చేసినవాడు అతనే కాబట్టి, పండగ యుద్ధంలోకి ఎప్పుడూ రాలేదు. ఇదైతే తుపాకీ లేని వేషం కదా అని క్రిస్టా బతిమాలితే ఒప్పుకున్నాడు.

ఓరిన్ తలుపు కొట్టాడు. ఎవరూ తీయలేదు. మళ్ళీ కొట్టాడు.

"ఆ తల్లి గుండె ఎలా కొట్టుకుంటోందో ఊహించండి!" అంది క్రిస్టా మైకులో.

ఊహించారు. ఐదు నిమిషాలు ఊహించారు. పది నిమిషాలయ్యేసరికి కుర్చీలు కిర్రుమంటున్నాయి.

"ఇంతకీ ఆవిడ ఇంట్లో ఉందా?" అన్నాడు ఒకాయన.

"బాత్రూంలో ఉందేమో," అన్నాడు ఇంకొకాయన. అందరూ నవ్వారు.

ఓరిన్ మాత్రం నవ్వలేదు. వంటింటి కిటికీలోంచి వస్తున్న ఆవిరిని చూశాడు. మెట్టు మీద కూర్చున్నాడు.

క్రిస్టా ఇల్లు చుట్టి వెనక కిటికీ దగ్గరికి పరిగెత్తింది. లోపల లురీన్ టమాటాలు మరిగిస్తోంది.

"లురీన్ గారూ! పావుగంటైంది!"

"గంటన్నర."

"ఏమిటీ?"

"గంటన్నర పట్టింది. జరిగింది జరిగినట్టు చేస్తానన్నాగా."

"జనం వెళ్ళిపోతున్నారండీ!"

"వెళ్ళనీ. అప్పుడైతే ఒక్కడూ రాలేదు."

కాసేపటికి అదే కిటికీలో ఇనపటోపీ కనిపించింది. దాని కింద డ్వేన్ మొహం, చెమటతో ఎర్రగా.

"లురీన్, తలుపు తీయండి. మూడింటికి దాడి. సగం కుర్చీలు ఇక్కడే ఉండిపోయాయి. జర్మన్లు ఎండలో నిలబడి ఉన్నారు."

"నిలబడనీ. బూట్లు ఇంకా మెరుస్తాయి."

"ఇది వేళాకోళం కాదండీ. ఇక్కడ జనరల్‌ని నేను."

"నీ నడుము నలభై ఆరు. నువ్వెవరో నాకు తెలుసు. పొయ్యి దగ్గర పనిలో ఉన్నాను, పో."

ఈసారి డ్వేన్ నవ్వలేదు.

కుర్చీలు మడిచి తీసుకుపోయారు. మూడింటికి మైదానంలో తుపాకులు పటపటమన్నాయి, మైకులో చప్పట్లు వినిపించాయి. లురీన్ పద్నాలుగో సీసాకి మూత బిగించి గడియారం చూసింది. మూడున్నర. చేతులు తుడుచుకోకుండానే ముందుగదిలోకి వచ్చింది. గడియ మీద చెయ్యి వేసింది. జరిగింది జరిగినట్టు చేయాలంటే ఇప్పుడు తీయాలి.

తీయలేదు. గోడవారగా ఉన్న చెప్పుల బల్ల మీద కూర్చుంది. మెట్టు మీద ఓరిన్ అటూ ఇటూ కాళ్ళు మార్చుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది. నాలుగైంది. నాలుగున్నరైంది. మైదానంలో చచ్చినవాళ్ళంతా లేచి ఐస్‌క్రీముల వైపు వెళ్ళారు. ఐదవుతుండగా తలుపు అవతల గొంతు వినిపించింది.

"లురీన్ గారూ, నేను వెళ్తున్నానండీ. ఈ కాగితం ఇక్కడ వదలను. జేబులో పెట్టుకుని పోతున్నా."

లురీన్ బల్ల మీంచి లేవలేదు.

"పట్టుకుపో," అంది.

అతని అడుగులు వీధి మలుపు దాకా విని, అప్పుడు ఏడ్చింది. ఏడ్చినందుకు తన మీద తనకే చిరాకేసింది. నిజమైన చరిత్ర చేస్తానని డ్వేన్ మీదా, క్రిస్టా మీదా అంత ఎగిరింది. చివరికి తనూ చెట్టునీడ చూసుకునే పడింది.

సోమవారం ఓరిన్ ఒక లాగు అంచు మడిపించుకోవడానికి వచ్చాడు. ఆ లాగుకి అంచు బాగానే ఉంది.

"గంటన్నర అని చెప్పారట. మూడు గంటలు కూర్చోబెట్టారు."

"తప్పు చేశాను. అసలైతే గంటన్నరకి నేనే తీశాను గడియ." ఆ మాట ఆవిడ అంతవరకు ఎవరితోనూ అనలేదు. అన్నాక పికెల్ దగ్గూ, కవరూ, అన్నీ చెప్పింది.

ఓరిన్ విన్నాడు. "మీరు తీయకపోతే ఆయన మర్నాడు మళ్ళీ వచ్చేవాడు," అన్నాడు.

"వచ్చేవాడే. మా అమ్మకి ఒక్కరోజు మిగిలేది."

అతను కాదనలేదు, ఓదార్చలేదు. కుట్టుమిషను వైపు చూస్తూ, "నాకూ అలాంటి రోజులు కొన్ని ఉన్నాయి," అన్నాడు. అవేమిటో ఆవిడ అడగలేదు. వెళ్ళేటప్పుడు రెండు సీసాలు సంచిలో పెట్టి ఇచ్చింది. ఆ తర్వాత అతను సోమవారాలు వస్తూ ఉండేవాడు, లాగు లేకుండానే.

కమిటీ వాళ్ళు సమావేశమై, లురీన్ దృశ్యం ప్రేక్షకులకి అనుకూలంగా లేదని రాసుకున్నారు. మరుసటేడు టెలిగ్రాం బ్యాంకు మెట్ల మీదకి వచ్చింది. తల్లి క్రిస్టా. ఆమె వేసిన కేకకి వీధి చివర కుక్కలు మొరిగాయి. జనం కోరికమీద ఆదివారం ఇంకోసారి కూడా కొడుకుని పోగొట్టుకుంది. జనరల్ లాగు ఆ ఏడు లురీన్ దగ్గరికి రాలేదు. ఆవిడ అడగనూ లేదు.

అయితే కమిటీ అంతటితో ఊరుకోలేదు. ఆ అక్టోబరులో ఆవిడ ఇంటి కంచెకి ఒక ఇత్తడిబోర్డు బిగించి వెళ్ళారు. 1944లో హల్డా ఓబర్‌హోల్ట్ ధైర్యంగా ఈ తలుపు తెరిచి వార్తను స్వీకరించిందని దాని మీద రాసి ఉంది. లురీన్ మిషను సొరుగులోంచి స్క్రూడ్రైవరు తీసి, దాన్ని ఊడదీసి, చంకలో పెట్టుకుని క్రిస్టా ఆఫీసుకి నడిచింది.

"ఇందులో తప్పుంది," అని బల్ల మీద పెట్టింది.

"ఎక్కడండీ? ఏడాదా?"

"మా అమ్మ తీయలేదు తలుపు. నేను తీశాను. ఎనిమిదేళ్ళు నాకు."

క్రిస్టా రెండు చేతులూ గుండె మీద పెట్టుకుంది. కళ్ళు చెమ్మగిల్లాయి, ఆ తర్వాత మెరిశాయి. "అయ్యో లురీన్ గారూ! ముందే చెప్పుంటే ఎంత బాగుండేది! వచ్చే ఏడు చిన్నపిల్లని పెట్టి చేద్దామండీ!"

లురీన్ ఆమె మొహంలోకి చూసింది. ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదో తనకే స్పష్టంగా తెలిసొచ్చింది.

"ఆ పిల్లకి బట్టలు మాత్రం నా దగ్గరికి పంపకు," అని బయటికి నడిచింది. ఇంటికొచ్చి, స్కూలు బ్యాండు వాళ్ళ పదకొండు లాగులకి అంచులు మడిచి కుట్టింది. మర్నాటికి ఇవ్వాలి.