మోగని కబురు

జమీల్‌ది తిరువూరు బస్టాండు ఎదురుగా సెల్ రిపేరు కొట్టు. డిప్లొమా మధ్యలో వదిలేశాడు. బేరాల్లేని మధ్యాహ్నాల్లో వీడియోలు చూసి యాప్‌లు చేయడం నేర్చుకున్నాడు. అతన్ని ఇంజనీరు అన్నవాడు ఊళ్లో లేడు. ఎవరైనా పోతే అందరి ఫోన్లలో మోగే మసీదు కబురు యాప్ మాత్రం అతను చేసిందే.

అంతకు ముందు మా ముస్లింలలో ఎవరు పోయినా బాబా అనే పెద్దాయన మోపెడ్ మీద వినగడప, పెనుగొలను ఊళ్ల దాకా తిరిగి చెప్పొచ్చేవాడు. పోయినవాళ్లతో మాటల్లేని ఇళ్లకూ వెళ్లేవాడు. కబురు మసీదుది కాబట్టి ఎవరూ తగ్గినట్టు కాదు. యాప్ వచ్చాక ఇక తిరగొద్దని కమిటీ ఆయనకు చెప్పేసింది.

పోయిన వేసవిలో ప్లే స్టోరు నుంచి నోటీసు వచ్చింది. యాప్‌ను కొత్త టూల్స్‌తో మళ్లీ కట్టి పంపకపోతే కొత్త ఫోన్లకు అది కనపడదట. ఏటా ఇదే తంతు. ఎక్కడో ఏసీ గదుల్లో పనిముట్లు మారుస్తారు, ఇక్కడ పాత లాప్‌టాప్ వాడు వాళ్ల వెనక పరిగెత్తాలి. డౌన్‌లోడుకే మూడు రోజులు పట్టింది. ఎర్రగా చూపించిన తప్పులన్నీ దిద్దాడు. పసుపు హెచ్చరికలు నలభై దాకా ఉన్నాయి. ఎలాగూ యాప్ తయారైందని వాటిని చదవలేదు. తన పాత ఫోన్లో వేసి చూస్తే మోగింది. పంపేశాడు.

ఆ నెలలోనే వినగడప రెహమాన్ కొత్త ఫోను పట్టుకుని కొట్టుకొచ్చాడు. బోర్లలోకి మోటార్లు దించే మనిషి. ఆయన అక్క సుగ్రాబీ తిరువూరులోనే ఉంటుంది. ఇల్లు అమ్మేటప్పుడు గొడవపడి ఎనిమిదేళ్లుగా ఇద్దరికీ మాటల్లేవు. ఆమెకు కేన్సర్ ముదిరిందని అందరికీ తెలుసు.

"ఆ మసీదుది ఎక్కించు బేటా."

"ఎవరి కోసం చాచా?"

"నీ కోసమేరా, నువ్వు పోతే తెలవొద్దూ! ఇంతకీ మోగుద్దా?"

"పోయినోళ్లు లేచి కూర్చునేంత మోగుద్ది."

"అంతొద్దులే, నాకు వినపడితే చాలు. బతికుండగా ఆ గడప తొక్కను. ఆఖర్న ఒక్కసారి మొహం చూసొస్తా."

రెండు వారాలకు, ఒక గురువారం తెల్లారేసరికి సుగ్రాబీ పోయింది. మధ్యాహ్నం జోహర్ నమాజు తర్వాత జనాజా ఎత్తుతారని జమీలే టైపు చేసి అందరికీ పంపాడు. సుగ్రాబీ ఇంట్లో ఎవరో రెహమాన్ పేరెత్తితే, "మసీదు కబురెళ్లిందిగా. రాదలుచుకుంటే వస్తాడు" అంది ఆమె కూతురు నాహిద్. నమాజయ్యాక రెహమాన్ కోసం పది నిమిషాలు ఆగి చూశారు. తర్వాత ఎత్తేశారు.

మర్నాడు జుమ్మా నమాజుకు వచ్చిన రెహమాన్, ఇమాం గారు పోయినవాళ్ల కోసం చేసే దువాలో అక్క పేరు చెప్పడం విన్నాడు. అక్కణ్నుంచి నేరుగా కొట్టుకొచ్చి ఫోను బల్ల మీద పెట్టాడు. ఫోను బాగుచేయించుకోడానికి వచ్చి నేనక్కడే ఉన్నాను.

"ఇది మోగలా బేటా."

జమీల్ యాప్ తెరిచి చూస్తే కబురు లోపల ఉంది. గురువారం, ఆరూ పది. సెట్టింగ్స్‌లోకి వెళ్లాడు, యాప్‌కు మోగే అనుమతే లేదు. కొత్త ఫోన్లు అనుమతి లేనిదే ఏ కబురూ మోగనివ్వవు. పాత టూల్స్‌తో కట్టినప్పుడు ఆ అనుమతి ఫోనే అడిగేది. కొత్తవాటితో కడితే యాపే అడగాలి. అడిగే ఆ నాలుగు వరుసల కోడు జమీల్ రాయలేదు. పసుపు హెచ్చరికల్లో ఒకటి చెప్పింది సరిగ్గా అదే. అతని పాత ఫోనుకు ఆ అనుమతితో పనేలేదు.

"తప్పు నాదే చాచా."

రెహమాన్ తిట్టలేదు. "నువ్వెళ్లావా?"

"వెళ్లా. జనాజాకు భుజం కూడా పట్టా."

"మొహం ఎట్టా ఉంది? బాగా చిక్కిపోయిందా?"

పోయిన ఆడమనిషి మొహం పరాయి మగవాళ్లకు చూపించరు. తమ్ముడికి చూపిస్తారు. జమీల్ చూసింది పైన కప్పిన గుడ్డ.

"నాకు చూపించరుగా చాచా."

"అవున్లే," అన్నాడు రెహమాన్. "నీకెందుకు చూపిస్తారు."

తర్వాత ఫోను జమీల్ వైపు జరిపాడు.

"తీసెయ్. దీంట్లో ఇంక నాకు రావాల్సిన కబురు లేదు."

నిజంగా తీసేయాలా అని ఫోను అడిగింది. జమీల్ అవునని నొక్కాడు.