రెండో రాజు

పద్యనాటకం చూడనివాళ్ళకు ముందుగా ఒక సంగతి చెప్పాలి. మా వైపు ఒకే వేషాన్ని ఇద్దరో ముగ్గురో పంచుకుంటారు. సగం దాకా ఒకటో రాజు పాడతాడు. తర్వాత అదే కిరీటం, అదే మీసంతో రెండో రాజు వస్తాడు. జనం ఏమీ అనుకోరు. తొమ్మిదో తరగతిలో నేను రెండో రాజుని. ఆ ముక్క తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అసలు నేను కబడ్డీ పిల్లని. రేపల్లెలో మా హైస్కూలు గ్రౌండులో సున్నంతో గీత గీస్తే చాలు, చెప్పులు ఏ మూల విడిచానో కూడా గుర్తుండేది కాదు. కూత పెడుతూ అవతలి జట్టు మీదకు వెళ్ళి, ముగ్గురు మీదపడి పట్టుకున్నా ఊపిరి వదలకుండా వేళ్ళతో మధ్యగీత అందుకునేదాన్ని. మోచేతులు ఎప్పుడూ దోక్కుపోయే ఉండేవి. "నీది ఊపిరా, కొలిమితిత్తా?" అనేవారు మా పీఈటీ సార్.

ఆ ఊపిరి నాకు చర్చిలో వచ్చింది. మా నాన్న మండలాఫీసులో అటెండరు. ఆదివారం ఆయన కీర్తన ఎత్తుకుంటే మైకు అక్కర్లేదు. పక్కన నిలబడి పాడీ పాడీ నాకూ అలవాటైంది. ఎనిమిదిలో ఉండగా తెలుగు మాస్టారు నాచేత పద్యం చదివించి, చివర రాగం తీయమన్నారు. తీశాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. ఆ రోజు నుంచి నాలుగున్నరకి గ్రౌండు, ఐదున్నరకి రిహార్సలు. మోకాళ్ళకి మట్టితోనే వెళ్ళి పద్యాలు పాడేదాన్ని. రెండూ నావే. ఏది ఎక్కువ ఇష్టమంటే నిజంగా చెప్పలేను.

చెప్పాల్సిన రోజు రానే వచ్చింది. బాపట్లలో జిల్లా కబడ్డీ సెలెక్షన్లు, తెనాలిలో స్కూలు పిల్లల నాటక పోటీలు ఒకే శనివారం పడ్డాయి. మాస్టారు తనే రాసిన నాటకంలో రాజు వేషం నాదన్నారు. "కూతలు పెట్టి గొంతు పాడుచేసుకోకమ్మా" అన్నారు. పీఈటీ సార్ మాత్రం, "సోమవారం జాబితా పంపాలి. వస్తావా, రావా?" అని ఒక్కటే అడిగారు. రెండు రోజులు అన్నం సయించలేదు. సోమవారం వెళ్ళి నాటకం అన్నాను. సార్ పెన్ను తీసి నా పేరు కొట్టేశారు. తిట్టినా బాగుండేది.

నాటకమే ఎందుకంటే, నాన్న కోసం. కబడ్డీ ఆయన చాలాసార్లు చూశాడు. నేను రాజునై రాగం తీస్తుంటే ఆయన మొహం ఎలా ఉంటుందో చూడాలని నా ఆశ. అందుకే ఇంట్లో ఒక్క పద్యం కూడా పాడలేదు. "ఏదీ, ఒకటి వినిపించు తల్లీ" అని ఎన్నిసార్లు అడిగాడో! "ఊహూఁ, స్టేజీ మీదే వినాలి" అని ఊరించాను. మహా గొప్ప పని చేశాను!

పేరు కొట్టేసిన వారానికి మాస్టారు నన్ను పక్కకి పిలిచారు. డ్రెస్సులు, కిరీటాలు తెప్పిస్తున్న పేరెంట్స్ కమిటీ పెద్దాయన కూతురికి కూడా రాజు వేషం కావాలట. "నువ్వు రెండో రాజమ్మా. ఆఖర్న వచ్చేవాడే జనానికి గుర్తుంటాడు" అన్నారు, నా మొహంలోకి చూడకుండా. ఛీ, ఆ వేషమేదో ఆయన్నే కట్టుకోమని గ్రౌండుకి పరిగెత్తాలనిపించింది. కానీ బాపట్ల జాబితా అప్పటికే వెళ్ళిపోయింది. ఈ సంగతి నాన్నకి చెప్పడానికి సిగ్గేసింది. రాజుని నేనే అని చెప్పి ఉన్నాను కదా, అలాగే ఉండనిచ్చాను.

శనివారం పొద్దున్నే రేపల్లె నుంచి ప్యాసింజర్లో తెనాలి వెళ్ళాం. నాన్న మా చర్చి వాళ్ళను పదిమందిని వెంటేసుకొచ్చాడు. నాన్నతో సహా వాళ్ళెవరూ పద్యనాటకం ఎరగరు. పద్యం బాగుంటే 'వన్స్ మోర్' అనాలని, అప్పుడు మళ్ళీ పాడతారని, పాడేవాళ్ళకి అదే గౌరవమని ఆఫీసులో ఎవరో నాన్నకి చెప్పారట.

పోటీలో నాటకానికి నలభై నిమిషాలు. గంట కొడితే తెర దించేయాల్సిందే. నేనూ అలాంటి మీసమే అంటించుకుని, అలాంటి కిరీటమే పెట్టుకుని, కత్తి పట్టుకుని పక్క తెర వెనక నిలబడ్డాను. ఒకటో రాజు మొదటి పద్యం ముగించింది. హాల్లో వెనకనుంచి ఒక గొంతు లేచింది.

"వన్స్ మోర్!"

మైకు అక్కర్లేని గొంతు. దాని వెంట మా చర్చి వాళ్ళంతా. ఆ అమ్మాయి పొంగిపోయి మళ్ళీ పాడింది. రెండో పద్యానికీ వన్స్ మోర్, మూడోదానికీ వన్స్ మోర్, ఆ తర్వాత ప్రతిదానికీ. మాస్టారు పక్కనుంచి చేతులు ఊపుతూనే ఉన్నారు, ఆమె ఇటు చూస్తేగా! నేను తెర అంచు నలుపుతూ "ఆపు నాన్నా, ఆపు" అంటున్నాను. గంట కొట్టారు. తెర దిగింది. నేనింకా స్టేజీ మీద కాలు పెట్టనేలేదు.

నాన్న పరిగెత్తుకుంటూ లోపలికి వచ్చాడు. తిన్నగా ఒకటో రాజు దగ్గరికి వెళ్ళి తలమీద చెయ్యి వేసి, "నా తల్లే! ఎంత బాగా పాడావు!" అన్నాడు. ఆ అమ్మాయి వెనక్కి జరిగి, "ఎవరండీ మీరు?" అంది.

"నా గొంతు కూడా తెలీదా నీకు?" అని అందరి ముందూ అరిచాను.

నాన్న ఇటు తిరిగాడు. నన్నూ, ఆ అమ్మాయినీ మార్చి మార్చి చూశాడు. "అదే మీసం, అదే కిరీటం... నువ్వే అనుకున్నా తల్లీ. పద్యం పాడితే నీ గొంతు ఎట్టా ఉంటదో నాకేం తెలుసు? నువ్వెప్పుడు వినిపించావని?" కోపంగా అనలేదు. నిజంగానే అడిగాడు.

తిరుగు ప్యాసింజర్లో మాస్టారి ఫోను మోగింది. బాపట్ల నుంచి పీఈటీ సార్. నా బదులు వెళ్ళిన అమ్మాయి జిల్లా జట్టుకి సెలెక్టయిందట. పెట్టెలో అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

కాసేపటికి నాన్న నా పక్కకి వచ్చి కూర్చున్నాడు. "పోనీ, ఇప్పుడు పాడమ్మా. నేనొక్కణ్ణే వింటా."

"ఎందుకు? వన్స్ మోర్ అనడానికా?" అన్నాను.

ఆయన లేచి తలుపు దగ్గరికి వెళ్ళి, రేపల్లె వచ్చేదాకా అక్కడే నిలబడ్డాడు. ఏడేళ్ళయింది. ఇప్పుడు అడిగితే పాడతాను. ఆ పద్యాలన్నీ ఇంకా కంఠతా వచ్చు. కానీ ఆయన మళ్ళీ ఎప్పుడూ అడగలేదు.